పుస్తకం మీద కాలు

నేను పిరికిదాన్ని. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట ఒప్పుకోరు, ఎందుకంటే నాకు నోరెక్కువ. భయం వేసినప్పుడల్లా ఎదురుగా ఉన్నవాళ్ళ మీద విరుచుకుపడతాను కాబట్టి మేముండే నేపర్‌విల్‌లో మా స్నేహితులంతా నన్ను మహా ధైర్యస్థురాలనుకుంటారు. ఇంట్లోవాళ్ళకి మాత్రం అసలు సంగతి తెలుసు. లిఫ్ట్ కాస్త ఆగినా, హైవే మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి పోయినా, డాక్టర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చినా నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. అలాంటి నేను నలభై దగ్గర పడుతుండగా మెడికల్ స్కూల్లో చేరాను. అదీ కాళ్ళ డాక్టర్ చదువు. ఇక్కడ పోడియాట్రీ అంటారు. పాదం, మడమ, చీలమండ, వాటికి వచ్చే రోగాలు, వాటికి చేసే ఆపరేషన్లు, నాలుగేళ్ళ పాటు ఇవే.

మీ ఆయనకి షుగర్ కదా, అందుకే ఎంచుకున్నావా అని చాలామంది అడుగుతారు. అంత ముందుచూపు నాకెక్కడిది? మా ఆయనకి షుగర్ ఉన్నమాట నిజమే. వయసులో ఉండగానే వచ్చింది. మాత్రలు వేసుకుంటారు, పండగలకి మానేస్తారు. కానీ ఆ చదువులో చేరిన రోజున ఆయన కాళ్ళ గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండో ఏడాదిలో ఆ చదువే నన్ను తీసుకెళ్ళి ఆయన కుడికాలి ముందు కూర్చోబెట్టింది. ఆ కాలు దక్కుతుందా పోతుందా అని వణుకుతూ గడిపిన రోజుల గురించే ఇదంతా.

గుంటూరులో ఫార్మసీ చదివి, పెళ్ళయి, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నాను. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక మందుల షాపులో కౌంటర్ వెనక పనికి కుదిరాను. ఆ షాపుకి తరచుగా వచ్చే కాళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఇక్కడ మాత్రలు లెక్కపెడుతూ ఎందుకు కూర్చున్నావు, మా చదువులోకి రాకూడదా అని ఆవిడే నా బుర్రలో పురుగు వదిలింది. నాకు గుండె అంటే భయం, మెదడంటే భయం, కడుపు కోసి చూడటమంటే కళ్ళు తిరుగుతాయి. కాలైతే ప్రాణానికి ఆమడ దూరంలో ఉంటుంది కదా, మన చేతిలో ఎవరూ చచ్చిపోరు కదా అనుకున్నాను. ఇంత తెలివైన ఆలోచన నా జన్మలో ఇంకోటి చేసి ఉండను.

ఈ మాట బయటపెట్టగానే అందరూ వేళాకోళం మొదలుపెట్టారు. గుంటూరు నుంచి మా అమ్మ, ఇంతా చదివి చివరికి అందరి కాళ్ళూ పట్టుకునే పనా అంది. ఒక పార్టీలో ఒకాయన పళ్ళెంలో బిర్యానీ పెట్టుకుంటూ, అంటే పెడిక్యూర్ చేస్తారాండీ అని అడిగాడు. అవునండీ, మీ గోళ్ళతోనే మొదలుపెడతాను, కాస్త శుభ్రంగా కడుక్కుని రండి అన్నాను. ఆయన భార్య నవ్వింది, ఆయన నవ్వలేదు. నేను మాత్రం ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కూర్చుని, ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు అని ఏడ్చాను.

ఎంట్రెన్స్ రాశాను, రెండు స్కూళ్ళు రమ్మన్నాయి. ఒకటి వేరే రాష్ట్రంలో, ఒకటి మా ఊరినుంచి రైలెక్కి వెళ్ళొచ్చే దూరంలో. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచారు. టీచర్లు, హాస్పిటళ్ళు, చదువయ్యాక చేయాల్సిన రెసిడెన్సీలు, మంచు, ప్రయాణం అన్నీ గళ్ళల్లో పెట్టి మార్కులు వేశారు. ఆ లెక్క ప్రకారం దూరంగా ఉన్నదే గెలిచింది. అక్కడికి వెళ్ళి చూశాం కూడా. మంచి స్కూలు. కానీ సాయంత్రం ఆ ఊళ్ళో ఖాళీ రోడ్డు మీద నిలబడి, ఇక్కడ ఒంటరిగా ఒక అపార్ట్‌మెంట్‌లో నేను తలుపు గడియ వేసుకుని పడుకోవాలి అనుకోగానే నా కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. ఎక్సెల్ షీట్ మూసేయమన్నాను. దగ్గరి స్కూల్లోనే చేరాను. స్కూలుని ఎలా ఎంచుకోవాలని జూనియర్లు ఇప్పుడు నన్ను సలహా అడిగితే పెద్దపెద్ద కారణాలు చెబుతాను, ఇది తప్ప.

ఆ దగ్గరి స్కూల్లో నన్ను ఇంటర్వ్యూ చేసినావిడ పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, గది గోడలు అదిరేంత గొంతుతో ఉంది. ఈ వ్యాసంలో ప్రొఫెసర్ అంటే ఆవిడే. కాళ్ళే ఎందుకని అడిగింది. మా వాళ్ళంతా నేర్పి పంపించిన జవాబే చెప్పాను: మా సంస్కృతిలో పెద్దల పాదాలకి నమస్కారం చేస్తాం, పాదమంటే మాకు పవిత్రం, చిన్నప్పట్నుంచీ ఆ గౌరవం నాలో ఉంది. ఆవిడ శ్రద్ధగా విని, బాగుంది, మరి ఎప్పుడైనా ఒక్క పాదాన్నయినా సరిగ్గా చూశావా అని అడిగింది. దణ్ణం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటాం కదండీ అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి సీటిచ్చింది.

మొదటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. శవాల గదిలో మొదటి రోజు బల్ల మీద ఒక మనిషిని మొత్తం కప్పి, కాళ్ళు మాత్రం బయటికి ఉంచారు. మడమ మీద పగుళ్ళు, బొటనవేలి మీద రెండు తెల్ల వెంట్రుకలు. మా నాన్న వయసుంటుంది ఆయనకి. గ్లౌజు వేసుకున్న చేత్తో ఆ పాదాన్ని ముట్టుకున్నానో లేదో, నా చెయ్యి దానంతట అదే కళ్ళ దాకా లేచింది. పక్కనున్న అమ్మాయి గభాలున నా మణికట్టు పట్టుకుని ఆపింది, లేకపోతే శవం చెడకుండా పట్టించిన ఆ మందు కళ్ళలో పూసుకునేదాన్నే. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పడానికి నాకు ఇంగ్లీషు రాలేదు. ఎవరికైనా మన కాలు తగిలినా, పెద్దవాళ్ళ కాళ్ళు మన చేతికి తగిలినా కళ్ళకద్దుకోవడం మనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. దాన్ని ఒక్క ముక్కలో ఎలా చెప్పాలి?

నేను పెట్టుకున్న ఆశ కూడా ఆ వారమే పోయింది. ప్రొఫెసర్ మొదటి క్లాసులోనే, మీలో ఎవరైనా కాలు ప్రాణానికి దూరం అనుకుని ఇక్కడికి వచ్చి ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు అంది. షుగర్ ఉన్నవాళ్ళకి చిన్న పుండుతో మొదలై వేలు పోతుంది, పాదం పోతుంది, తర్వాత మనిషే పోతాడు, ఇదంతా మీ కళ్ళముందే జరుగుతుంది అంది. ఆవిడ నన్నే చూసి చెప్పినట్టనిపించింది. లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను, కానీ అందరి ముందూ లేవడానికి భయమేసింది.

పరీక్షలు మరీ ఘోరం. బల్లబల్లకీ ఒక పాదం, అందులో ఒక నరానికో కండకో గుండుసూది గుచ్చి ఉంటుంది. గంట కొట్టేలోపు దాని పేరు రాసి పక్క బల్లకి పోవాలి. ఆ గంట మోగిందంటే నాకు నా పేరు కూడా గుర్తుండేది కాదు. మొదటిసారి తప్పాను. ఇంటికొచ్చి, రేపట్నుంచి వెళ్ళను, మందుల షాపులో నా స్టూలు నాకుంది అని పుస్తకాలన్నీ అటకెక్కించడానికి సిద్ధమయ్యాను. మా ఆయన ఆ పుస్తకాలు మళ్ళీ కిందికి దింపారు. మానేయడం గురించి రెండో ఏడాది అయ్యాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా చదువు అన్నారు. రెండో ఏడాదిలో ఏముందని నేను అడగలేదు. మళ్ళీ రాశాను, గట్టెక్కాను.

రెండో ఏడాది చలికాలంలో షుగర్ కాళ్ళ గురించి పాఠాలు మొదలయ్యాయి. నరాలు మెల్లగా చచ్చిపోతాయి, మేకు గుచ్చుకున్నా తెలియదు, బూటులో రాయి ఉన్నా రోజంతా నడుస్తారు. తెర మీద ఒక్కో ఫోటో వస్తుంటే నేను పెన్నుకేసి చూస్తూ రాసుకునేదాన్ని. అప్పటికైనా మా ఇంట్లో మనిషి గుర్తు రావాలా వద్దా? రాలేదు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళు, ఎవరో తెలియనివాళ్ళు. మా ఆయన రోజూ చెంగుచెంగున మెట్లెక్కి దిగుతూనే ఉన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను సోఫాలో ఒక పక్క కూర్చుని చదువుకుంటున్నాను. ఆయన రెండో పక్క కూర్చుని ఫ్రెండ్‌తో ఫోన్లో మాట్లాడుతూ ఎదురుగా ఉన్న బల్ల మీదకి కాళ్ళు చాపారు. ఆ బల్ల మీద నా లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. ఆయన కుడికాలు నేరుగా ఆ పేజీ మీదే ఆనింది.

ఆయన ఎలాంటి మనిషో చెబితే గానీ ఇందులో వింతేమిటో అర్థం కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు పొరపాటున లెక్కల పుస్తకం తొక్కితే, హోంవర్క్ సంగతి తర్వాత, ముందు కళ్ళకద్దుకో అని కూర్చోబెట్టినవాడు. కూపన్ల కాగితం మీద కాలు పడినా వంగి దణ్ణం పెట్టుకునే రకం. కాగితమైతే చాలు, ఆయనకి సరస్వతే. అలాంటివాడు నా పుస్తకం మీద కాలు పెట్టి హాయిగా లేఆఫ్‌ల గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఏవండీ, కాలెక్కడ పెట్టారో చూసుకోండి అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి కిందికి చూసి, కాలు తీసేసి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పుస్తకాన్ని రెండు చేతులా కళ్ళకద్దుకున్నారు. పాపం, మొహం చిన్నబోయింది. సారీ, చూసుకోలేదు అన్నారు.

కాసేపటికి మళ్ళీ చూశాను. ఈసారి మడమ పుస్తకం అంచు మీద ఉంది. కాగితం మడత పడి, అట్ట మూల ఆయన చర్మంలోకి దిగబడి ఉంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

ఈసారి అరవలేదు. చూసుకోలేదు అన్నారు ఇందాక. పుస్తకానికి కాలు తగిలితే చూసుకోవాలా ఎవరైనా? తగిలితే తెలుస్తుంది. తెలిస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. పుట్టినప్పట్నుంచీ ఆ చెయ్యి ఆగింది లేదు. ఇవాళ ఆగిందంటే ఆయన భక్తి తగ్గలేదు, తగిలినట్టు ఆయనకి తెలియలేదు. క్లాసులో చూసిన ఫోటోలన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి, ఒక్కోదాని పైనా మా ఆయన మొహం ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

ఆయన ఫోన్ పెట్టేశాక, స్కూల్లో నేర్పింది ప్రాక్టీస్ చేయాలి, మీ కాళ్ళు కావాలి అన్నాను. నవ్వుతూ ఒప్పుకున్నారు గానీ, నా ఒళ్ళో కాలు పెట్టడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. అమ్మాయి చూస్తే ఏమనుకుంటుంది అన్నారు. పేషెంట్ అనుకుంటుంది, పెట్టండి అన్నాను. పరీక్ష చాలా చిన్నది. ఒక పిడికి గట్టి నైలాన్ దారం ఉంటుంది. పేషెంట్ కళ్ళు మూసుకోవాలి. మనం ఆ దారాన్ని పాదం మీద అక్కడక్కడా అది వంగేంత వరకూ ఆనించాలి. తగిలినప్పుడల్లా వాళ్ళు చెప్పాలి.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పాదం పైన ఆనించాను. ఆ, అన్నారు. అరికాలి మధ్యలో ఆనించాను. కాస్త ఆగి, ఆ, అన్నారు. బొటనవేలి కింద ఆనించాను. ఏమీ అనలేదు. ఇంకొంచెం నొక్కాను, దారం విల్లులా వంగింది. ఏమీ అనలేదు. మడమ మీద, చిటికెనవేలి కింద, ఏమీ లేదు. దారాన్ని గాల్లోకి ఎత్తి, ఎక్కడా తగిలించకుండా, ఊపిరి బిగపట్టి కూర్చున్నాను.

"ఆ," అన్నారాయన.

నేను కదల్లేదు. మళ్ళీ కాస్త ఆగి, ఆ అన్నారు. కళ్ళు మూసుకుని, పెదాల మీద చిన్న నవ్వుతో, బడిలో పిల్లాడిలా సరైన జవాబు ఎప్పుడు పడుతుందో చూసుకుంటూ ఆ, ఆ అని చెప్పుకుంటూ పోయారు. నా చెయ్యి గాల్లోనే ఉంది. ఎడమ కాలు కూడా చూశాను, అది కాస్త నయం. అయిపోయిందా, పాసయ్యానా అని కళ్ళు తెరిచారు. నేను ఆయన్ని నానా తిట్లూ తిట్టాను. ఏం తిట్టానో గుర్తులేదు. భయం అంతా నోట్లోంచే వచ్చింది.

అక్కణ్ణుంచి ఇంట్లో రోజూ రగడే. మా స్కూల్ క్లినిక్‌లో చూపిద్దామంటే, నీ టీచర్ల ముందు నా కాళ్ళా, పరువు పోతుంది అంటారు. వేరే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని మార్చేశారు. నీకు బోర్డ్ ఎగ్జామ్ ఉంది, అది కానివ్వు, తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా అని ఒట్టేశారు. రెండో ఏడాది చివర ఎండాకాలంలో రాసే పెద్ద పరీక్ష అది. అది గట్టెక్కితేనే పేషెంట్లని ముట్టుకోనిస్తారు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగొద్దని స్లిప్పర్లు కొనిస్తే ఆయన వాటిని గుమ్మం దగ్గర విడిచి లోపలికొచ్చేవారు. ఇంట్లో చెప్పులేంటి అసహ్యంగా అనేవారు. పొద్దున్నే ఆయన బూట్లలో చెయ్యి పెట్టి తడిమి చూసుకునేదాన్ని, పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కేది కాదు.

పరీక్ష రోజున ఎండ మండిపోతోంది. సాయంత్రం హాల్లోంచి బయటపడి, బాగానే రాశానని ఆయనకి ఫోన్ చేస్తే ఎంత సంతోషపడ్డారో. ఇంటికి చేరేసరికి సోఫాలో కూర్చుని ఉన్నారు, బల్ల మీద గుడి నుంచి తెచ్చిన పులిహోర ఉంది. నేను బ్యాగ్ దించుతుండగా మా అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి నేలకేసి చూస్తోంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ పలికేది దాని పద్ధతిలో పలుకుతుంది.

"నాన్నా, నీ ఫుట్ లీక్ అవుతుంది."

చెక్క నేల మీద గుమ్మం నుంచి సోఫా దాకా తడి అడుగులు. కుడి అడుగులు మాత్రమే. నీళ్ళు కావవి, కాస్త పసుపుగా, జిగురుగా ఉన్నాయి. ఆయన కాలు ఎత్తి పట్టుకుని చూశాను. అరికాలి ముందు భాగం అంతా బొబ్బలెక్కి, చర్మం తెల్లగా ఊడి వేలాడుతోంది. ఎడమ కాలికీ రెండు బొబ్బలున్నాయి. ఏమైందండీ అంటే, అవునా, ఏమైంది అని ఆయనే వంగి తన కాలు చూసుకున్నారు.

నేను పాసవ్వాలని మొక్కుకున్నారట. నేను పరీక్ష హాల్లో ఉన్నంతసేపూ ఆయన గుడి చుట్టూ, ఆ కాలిపోయే కాంక్రీటు మీద, వట్టి కాళ్ళతో ప్రదక్షిణలు చేశారట. మిగతావాళ్ళంతా రెండు చుట్లు తిరిగి గంతులేస్తూ నీడలోకి పరిగెత్తుతుంటే, వీళ్ళకి భక్తి లేదనుకున్నారట. నేను నేల మీద కూలబడిపోయాను. ఈ మనిషిని కొట్టాలో, పట్టుకుని ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

మర్నాడు పొద్దున్నే మా స్కూల్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఈసారి పరువు మాట ఎత్తలేదు. ప్రొఫెసరే చూసింది. చచ్చిన చర్మం తీసేసి, కట్టు కట్టి, కాలు నేలకి ఆనకుండా మోకాలి దాకా ఒక పెద్ద బూటు తొడిగింది. రోజూ ఇంట్లో నేనే కట్టు మార్చేదాన్ని. కట్టు విప్పే ముందు కాసేపు కళ్ళు మూసుకునేదాన్ని, ఏం కనపడుతుందోనని. నల్లగా ఉంటుందా, వాసన వస్తుందా, ఎర్రటి గీత పైకి పాకిందా. ఎడమ కాలు మానింది. కుడికాలు కూడా దాదాపు అంతా మానింది. బొటనవేలి కింద ఒక్కచోట మాత్రం మానలేదు. అది పైకి చిన్నదవుతూ లోపలికి దిగుతోంది. దాని అడుగు నాకు కనపడటం లేదు. ఒకరోజు కట్టు విప్పితే లీలగా వాసన వచ్చినట్టనిపించింది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు గానీ, కుళ్ళు ఎముకకి పాకినా ఎక్స్‌రే ఆలస్యంగా చెబుతుందని నాకు పాఠంలో చెప్పారు.

ఆ వారం క్లినిక్‌కి వెళ్తే ప్రొఫెసర్ నన్ను చూసి, ఇవాళ నువ్వు స్టూడెంట్‌వి కాదు, భార్యవి, అక్కడ కూర్చో అని కుర్చీ చూపించింది. ట్రే మీంచి సన్నటి స్టీలు పుల్ల తీసుకుంది. ఆ పుల్ల ఎందుకో నాకు తెలుసు. దాన్ని పుండులోకి మెల్లగా దించుతారు. అడుగున మెత్తగా తగిలితే సరే. గట్టిగా, రాయికి తగిలినట్టు తగిలితే అది ఎముక. ఎముకదాకా కుళ్ళు పోయిందంటే తర్వాత వేలి గురించి మాట్లాడతారు. ఆ తర్వాత పాదం గురించి.

పుల్ల లోపలికి వెళ్తోంది. నేను చెవులు రిక్కించి వింటున్నాను, శబ్దం వస్తుందేమోనని. మా ఆయన బల్ల మీద వెనక్కి వాలి ప్రొఫెసర్‌తో వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. ఈసారి ఎండలు మరీ ఎక్కువ, మీకు తోటపని ఉందా, టమాటాలు వేశారా అని అడుగుతున్నారు. ఒక మనిషి కాల్లోకి ఇనుము దిగుతుంటే టమాటా మొక్కల గురించి అడగడం చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. నొప్పిగా ఉందా అని ఆవిడ అడిగింది. అస్సలు లేదు డాక్టర్ అని, మార్కులొచ్చిన పిల్లాడిలా నాకేసి చూసి నవ్వారు. దేవుడా, ఈయన్ని ఒక్కసారి అరిపించు, ఇంకేం అడగను అనుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భర్తకి నొప్పి రావాలని దేవుణ్ణి వేడుకున్నది అదొక్కసారే.

ప్రొఫెసర్ పుల్ల బయటికి తీసింది. మెత్తగానే ఉంది, ఎముక తగల్లేదు అంది. వేలికి ఇప్పటికి ప్రమాదం లేదు, కానీ ఇది మానేదాకా ప్రతివారం రావాలి, ఇది మానినా ఈ కాలికి మళ్ళీ రాదని చెప్పలేను అంది. నేను తలూపాను. థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

పార్కింగ్ లాట్‌లో ఆయన ఆ పెద్ద బూటు తగలకుండా జాగ్రత్తగా పక్కసీట్లో ఎక్కి కూర్చున్నారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను గానీ తాళం తిప్పలేదు. ఆయనేమో హుషారుగా ఉన్నారు. చూశావా, నొప్పే లేదు, ఊరికే భయపడి చచ్చావు అన్నారు. నాకు తిక్క రేగింది. ఆయన మోచేతి పైన గోళ్ళు దిగేలా గిచ్చాను. అమ్మా అని కెవ్వుమన్నారు. పిచ్చెక్కిందా నీకు అన్నారు. ఆ అరుపు వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇదీ, ఈ అరుపే ఆ కాలు అరవాలి, అది అరవట్లేదనే నేను చస్తున్నాను, మీకర్థమవుతోందా అన్నాను.

ఆయన మోచెయ్యి రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశారు. నవ్వు పోయింది.

"నాకు ముందే తెలుసు," అన్నారు మెల్లగా.

ఎప్పట్నుంచి అని అడిగాను.

"చాలా రోజులైంది. నువ్వు ఫస్టియర్‌లో ఉండగానే. స్నానం చేసేటప్పుడు నీళ్ళు వేడో చల్లో కాళ్ళకి తెలిసేది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏం చెప్తారోనని భయమేసింది. నువ్వు చదువుతున్నావు కదా, ఆ పాఠం నీకు వచ్చినప్పుడు నువ్వే చూసి చెప్తావులే అని ఆగాను."

మరి నేను చూసినప్పుడు అలా ఆ, ఆ అని ఎందుకన్నారు అన్నాను.

"తీరా చూస్తుంటే ఇంకా భయమేసింది. నువ్వింకా నేర్చుకుంటున్నావు కదా, తప్పు చెప్పావేమో అనుకున్నా."

ఆ మాట విన్నాక నా భయానికి అడుగు దొరకలేదు. గంట మోగితే పేరు మర్చిపోయి నేను పరీక్ష తప్పిన రోజున, పుస్తకాలు అటకెక్కించబోయిన రోజున, ఈ మనిషి తన కాలిని పట్టుకుని నేనెప్పుడు పాసవుతానా అని కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా, ఇన్ని హాస్పిటళ్ళుండగా, లిఫ్ట్ ఆగితే ఏడ్చే నా చేతిలో ఆ కాలు పెట్టి ఏడాది పైగా ఎదురు చూశాడు. ఇంట్లో పిరికిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆయన ఇంకా కిటికీకేసే చూస్తున్నారు. తాళం నా చేతిలోనే ఉంది, కార్ స్టార్ట్ చేయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.